పదకొండో పేరు

పరమేశ్వరి చక్రాన్ని మళ్ళీ ఒకసారి తిప్పింది. తలకిందులుగా నిలబెట్టిన సైకిలు ఫోర్కులో అది సన్నగా వణుకుతూ తిరిగింది. బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు ఒకచోట ఇరుకవుతోంది. అక్కడ వేలు పెట్టి ఆపి, స్పోకు పుల్లను చిన్న పానాతో పావు చుట్టు బిగించింది. తర్వాత గోటితో పుల్లలన్నిటినీ వరసగా మీటుకుంటూ పోయింది. ఒక్కటి మాత్రం మిగతావాటితో కలవకుండా బొంగురుగా పలికింది. దాన్ని కూడా బిగించి చేతులు పాతగుడ్డకు తుడుచుకుంది.

అవినాశిలో వాళ్ళ సైకిలు షాపు ముందు ఎన్నడూ లేనట్టు నలభై సైకిళ్ళు నిలబడి ఉన్నాయి. అన్నీ ఒంటి చేత్తో ఎత్తగలిగినంత తేలికైనవి. అన్నిటికీ బ్రేకులు చూడాలి, చైన్లు తుడవాలి, గంటలు బిగించాలి. ఆ గంటల దగ్గరే తంటా వచ్చింది.

"గంట పెడితే బరువంటాండారు పాపా మీవాళ్ళు. నిన్న ఒకాయన తక్కెడ ఉండాదా అని అడిగె."

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న బృంద నవ్వింది. కోయంబత్తూరు సైకిలు సంఘానికి ఆ పిల్లే కార్యదర్శి. ఇంట్లో నేర్చిన తెలుగు ఆమెది, తొందరపడితే తమిళంలోకి జారిపోయేది.

"బ్యాంకు సారేనా అక్కా? పొట్ట ఇంత పెట్టుకొని గంట బరువంటాడు. గంట లేకుండా ఎవురూ రాకూడదు. మేము చేసే మరియాదే అది. మదురైలో ఒక్కొక్క పేరు చెప్పగానే నలభై గంటలూ ఒక్క తూరి కొట్టాల."

శనివారం పొద్దున అవినాశిలో బయలుదేరి, ఆదివారం మధ్యాహ్నానికి మదురై చేరే సవారీ అది. ఎనభై ఏళ్ళనాటి యుద్ధంలో ఈ జిల్లాలనుంచి దండుకు పోయి, సైకిళ్ళ మీద కబురు కాగితాలు మోసి, అక్కడే చచ్చిపోయిన పదకొండు మంది కోసం. మదురై మాట్టుతావణి దగ్గర ఒక బడి ఆవరణలో వాళ్ళకు రాయి నిలబెట్టారు. దారిలో బండ్లు చెడితే బాగుచేసే పని పరమేశ్వరి వాళ్ళకు వచ్చింది. సామాన్ల వ్యానులో ఆమె, అందరికన్నా వెనక సైకిలు మీద ఆమె పెనిమిటి.

బృంద సంచిలోనుంచి పదకొండు అట్టలు తీసింది. ఒక్కొక్క దాని మీద ఒక పేరు, ఊరు తమిళంలో పెద్దగా అచ్చువేసి ఉన్నాయి.

"ఇవి పదకొండు బండ్ల హ్యాండిలుకు ముందరపక్క కట్టాల అక్కా. గాలికి కొట్టుకోకుండా."

పరమేశ్వరి దారం తీసుకుని ఒక్కొక్క అట్టా చదువుతూ కట్టసాగింది. ఎనిమిదో తరగతిదాకా తమిళ బళ్ళో చదివిందామె. పది కట్టింది. పదకొండోది చేతిలోకి తీసుకుని నిలబడిపోయింది. ముని, తొట్టిపాళెం, అవినాశి. భార్య తిరుమలమ్మాళ్. బర్మా ఎల్లలో మరణం.

అట్టను రెండుసార్లు చదివింది. దారం మళ్ళీ ఉండకు చుట్టేసింది.

"ఇది కట్టలేను పాపా."

"ఎందుకక్కా?"

"ఈయన చావలే. లోపల గంజి తాగుతాండాడు."

బృంద అట్టను, పరమేశ్వరి ముఖాన్ని మార్చి మార్చి చూసింది. పరమేశ్వరి ఆ పేరు కింద వేలు పెట్టింది.

"ఇది మా మామ పేరు. తిరుమలమ్మాళ్ మా మామ అమ్మ. చచ్చిపోయింది మా మామ వాళ్ళ నాయన."

"అయితే ఆయన పేరేమి?"

పరమేశ్వరి చీర కొంగు సర్దుకుంది. "మా ఇంటాయన పేరే. తాత పేరు మనవడికి పెట్టినారు."

"మీ ఇంటాయన పేరేమి అక్కా?"

ఈసారి పరమేశ్వరి పానా ఎత్తి తల మీద ఉన్న షాపు బోర్డును చూపించింది. బృంద తలెత్తి చదువుకుని, చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకా మీరు పేరు చెప్పరా అక్కా? ఈ కాలంలోనా?"

"మా ఇంట్లో ఆడవాళ్ళు మొగుని పేరూ మామ పేరూ చెప్పే సాంగ్యం లేదు. చెప్తే ఆయన ఆయుస్సు తరుగుతుందని పెద్దవాళ్ళు అందురు. నిజమో అబద్దమో, చెప్పి చూసేదానికి నాకు ఇంకొక మొగుడు లేడు కదా."

లోపలినుంచి చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మామ గుమ్మం పట్టుకుని బయటికి వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు. నడుం వంగలేదు కానీ మోకాళ్ళు మాట వినడం లేదు. మాటలు అన్నీ విన్నాడని ముఖం చూస్తేనే తెలిసింది.

"అట్ట తే అమ్మణీ," అన్నాడు కోడలితో. అట్టను చేతి దూరంలో పట్టుకుని చదివాడు. చాలాసేపు చదివాడు. "అవును. ఇది నేనే. నేనే చెప్తిని."

"ఏమి చెప్పినారు తాతా?" అంది బృంద.

"పేరు. దండునుంచి ఒక గుమాస్తా వచ్చె. చచ్చినవాని పేరు ఇంటివాళ్ళను అడిగి రాసుకోను వచ్చె. మా అమ్మ పేరు చెప్పకూడదు కదా, తలుపు వెనక నిలబడి నన్ను ముందరికి తోసె. 'చెప్పు నాయనా' అనె. బిడ్డతో చెప్పించేది మా వాళ్ళ వాడుక. నాకు మూడేండ్లు. ఆయన 'పేరేమి రా' అనె. నాకు తెలిసింది ఒక్కటే పేరు. నా పేరు చెప్తిని."

"ఆయన అదే రాసేసినాడా?"

"రాసేసె. అమ్మ లోపలినుంచి కాదు కాదు అనిందంట. గుమాస్తా అప్పటికే వీధి దాటిపోయె." మామ అట్టను కోడలి చేతికి ఇచ్చేశాడు. "అంతే బిడ్డా. ఒక కూతలో మా నాయనను పోగొట్టేస్తిని."

బృంద లేచి అవతలికి పోయి ఎవరికో ఫోను చేసింది. కాసేపటికి ఫోను గొంతు పెద్దది చేసి పరమేశ్వరి ముందు పెట్టింది. అవతల మాట్లాడుతున్నది జగన్నాథన్. దండులో హవల్దారుగా చేసి దిగిపోయిన మదురై మనిషి. పేర్ల పట్టీ తయారు చేసిందీ, రాయి పెట్టించిందీ ఆయనే.

"పట్టీలో ముని అనే ఉందమ్మా," అన్నాడు ఆయన నిదానంగా. "దండు కాగితంలో ఎట్లుందో అట్లే ఎత్తి రాసినాము."

"కాగితం తప్పు సారు."

"తప్పనే అనుకుంటాను. ఇంతకు ముందే రెండు పేర్లలో తప్పులు దొరికినాయి. అందుకే ఈ తూరి కాగితాన్ని నమ్మేది లేదని పెట్టుకున్నాము. రాయి మీద ఇంకా పేర్లు చెక్కలే. ఆదివారం ఒక్కొక్క ఊరు పిలుస్తాము. ఇంటి మనిషి వచ్చి మైకులో పేరు చెప్పాల. దాన్ని రికార్డు చేస్తాము. సోమవారం రాళ్ళు కొట్టేవాడు అది విని చెక్కుతాడు. మీ మామను తీసుకొని రా. ఆయన ఏ పేరు చెప్తే ఆ పేరే."

ఫోను ఆగింది. మామ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఆదివారమా?" అన్నాడు. "ఏ చొక్కా ఉతికి ఉండాది అమ్మణీ?"

శుక్రవారమంతా ఆయన దాన్నే పట్టుకున్నాడు. పరమేశ్వరి వంటింట్లో దారి భోజనానికి పులుసన్నం కలుపుతుంటే, నడవలో గోడ వైపు తిరిగి గొంతు సవరించుకుని చెప్పేవాడు.

"మా నాయన పేరు కందసామి. తొట్టిపాళెం." ఆగేవాడు. "ఊరు ముందర చెప్పాల్నా, పేరు ముందర చెప్పాల్నా?"

"ఏది ముందర చెప్పినా పరవాలే మామా."

"పేరే ముందర. ఊరు ఎవురు చెప్పినా వస్తుంది."

ఆ పేరు ఆమె చెవిన రోజుకు పదిసార్లు పడేదే. బజారులో అందరూ పెనిమిటిని ఆ పేరుతోనే పిలుస్తారు. అయినా మామ నోట గోడకు చెప్పినట్టు వినిపిస్తుంటే, ఆ పేరు మీద ఇంకో మనిషి వచ్చి నడవలో కూర్చున్నట్టు అనిపించింది.

సాయంత్రం తిరుప్పూరునుంచి సామాన్లు తీసుకువచ్చిన పెనిమిటి విషయం విని, స్నానానికి పోతూ నవ్వాడు.

"ఎందుకు నాయనా ఇంత కష్టం. తాత పేరే కదా నాది. నేను పోయి నా పేరు చెప్పేస్తే సరిపోయె."

"నువ్వు చెప్పాకు." మామ గొంతు గట్టిపడింది. "పోగొట్టినవాడే తేవాల."

పెనిమిటి పరమేశ్వరి చేతిలోనుంచి తువ్వాలు తీసుకుంటూ మెల్లగా అన్నాడు. "ఆదివారం నువ్వు పక్కనే ఉండు. నేను వెనక వస్తా ఉంటా. ఎప్పుడు చేరేది చెప్పలేను."

శనివారం చీకటి విడిపోతుండగా నలభై సైకిళ్ళూ కదిలాయి. ముని పేరున్న అట్ట బృంద సైకిలుకు వచ్చింది. బృంద దాన్ని తిప్పి, తెల్లపక్క బయటికి కనిపించేటట్టు కట్టుకుంది. ఎవరైనా అడిగితే, "రేపు రాస్తాము," అని చెప్పింది.

తారాపురం దాటేసరికి ఎదురుగాలి పట్టుకుంది. రోడ్డుకు రెండు పక్కలా గాలిమరలు తిరుగుతున్నాయి. సైకిళ్ళవాళ్ళు ఒకరి వీపు చాటున ఒకరు దాక్కుని వరసగా తొక్కారు. సీమతుమ్మ ముళ్ళకు ఆ పూట ఆరు పంచర్లు. పరమేశ్వరి వ్యానులోనుంచి దిగి, రోడ్డు పక్క గోనె పరిచి కూర్చుంది. టైరు లేపి, ట్యూబు బయటికి లాగి, బుగ్గ దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడ చల్లగా తగులుతుందో చూసుకునేది. నీళ్ళలో ముంచే పని లేదు ఆమెకు. ఆ చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరేదాకా ఊదకుండా ఓపికగా పట్టుకునేది.

బ్యాంకు సారు తన సైకిలు తోసుకుంటూ వచ్చి వ్యానులోకి తొంగి చూశాడు.

"మెకానిక్ ఎక్కడమ్మా?"

"మీ ముందరే ఉండాది సారు."

ఆయన అటూ ఇటూ చూశాడు. పరమేశ్వరి చెయ్యి చాచి సైకిలు తీసుకుంది. వెనక చక్రం ఎత్తి ఒక చుట్టు తిప్పి విన్నది. "పంచరు కాదు. ముల్లు రబ్బరులో ఉండాది, ట్యూబుకు ఇంకా తగలలే. మీ అదృష్టం." పటకారతో ముల్లు లాగి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని అందరికీ చూపిస్తూ తిరిగాడు. ఆ తర్వాత గంట బరువు గురించి మాట్లాడలేదు.

బండి ఆగిన ప్రతిచోటా మామ ముందు సీటులోనుంచి దిగేవాడు. మోకాళ్ళు పట్టుకుని బృంద సైకిలుదాకా నడిచి, తెల్ల అట్ట ఊడిందేమోనని చూసి, దారం బిగువు తడిమి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. మూడోసారి బృంద అడిగింది.

"తాతా, మీ నాయన ముఖం తెలుసునా మీకు?"

"తెలీదు బిడ్డా. మా చిన్నాయన చెప్పేవాడు. దండుకు పోకముందర నాయన మా ఊరినుంచి అవినాశికి పాల క్యానులు కట్టుకొని సైకిలు తొక్కేవాడంట. పాలు ఒలకకుండా తొక్కేవాడని దండులో తీసుకున్నారంట." మామ నవ్వాడు. "అదెంత నిజమో. నాకు బాగుంది గనుక నమ్ముతాను."

"మీ అమ్మ ఏమీ చెప్పలేదా?"

"అమ్మ చెప్పేది. 'ఆయన' అనేది. 'మీ నాయన' అనేది. ఆయనకు కారం వద్దు, ఆయనకు వాన ఇష్టం. అన్నీ చెప్పె. పేరు మాత్రం పొయ్యేదాకా చెప్పలే. కండ్లు మూసేటప్పుడైనా చెప్పమ్మా అని నేను అడిగితిని. తల అడ్డం తిప్పె."

పక్కన పంపు కొడుతున్న పరమేశ్వరి చెయ్యి ఆగింది. ఆ రోజు మంచం దగ్గర తడిగుడ్డ పట్టుకుని నిలబడింది తనే. అవ్వ తల తిప్పడం ఆమె చూసింది. ఎంత గట్టి మనిషి అనుకుంది అప్పుడు. ఇప్పుడు మామ ముఖం చూస్తుంటే అట్లా అనుకోలేకపోయింది.

ఆదివారం దిండుక్కల్ దాటాక పెనిమిటి ఫోను చేశాడు. వెనక ఒకతని సైకిలు ఇరుసు విరిగిందని, ఎక్కడైనా పాత ఇరుసు వెతికి వేసుకుని వస్తామని, కాచుకోవద్దని చెప్పాడు. మాటల మధ్య లారీల రొద వినిపించింది.

"పక్కకు తీసి నిలబెట్టుకున్నారా బండి?" అని అడిగింది పరమేశ్వరి.

"నిలబెట్టుకున్నాము. నాయన నీళ్ళు తాగుతాండాడా?"

"తాగుతాండాడు."

"సరి. గట్టిగా చెప్పమను. మదురై అంతా వినపడాల."

మాట్టుతావణి బస్టాండు రద్దీ దాటి బడి ఆవరణలోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. గోడవార వేపచెట్ల నీడలో షామియానా వేశారు. మధ్యలో నిలువెత్తు నల్లరాయి. నున్నగా తీర్చి, పైన ఒక చక్రం మాత్రం చెక్కి, కింద అంతా ఖాళీగా వదిలిపెట్టారు. సైకిళ్ళవాళ్ళు ముప్పై ఎనిమిది మంది రాయి చుట్టూ అర్ధచంద్రంగా నిలబడ్డారు. ముఖాల మీద ఉప్పు తెల్లగా ఎండిపోయింది. ఎవరూ కూర్చోలేదు.

జగన్నాథన్ పొట్టి మనిషి, చాలా నిటారుగా ఉన్నాడు. మాటలు ఎక్కువ మాట్లాడలేదు. ఆ బడి పంతులమ్మ ఒకామె మైకు దగ్గర నిలబడి ఊళ్ళ పేర్లు పిలవసాగింది. కంబంనుంచి వచ్చిన ఒక అరటితోట రైతు తన పెదనాన్న పేరు చెప్పాడు. గంటలు ఒక్కసారి మోగాయి. ముప్పై ఎనిమిది గంటలూ ఒక గొంతుగా మోగి ఆగిపోతే, ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో బస్టాండు హారన్లు కూడా దూరం జరిగినట్టు అనిపించింది. తేనినుంచి వచ్చిన ఒక పాప ముత్తాత పేరు చెప్పి, గంటలు విని ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. ఒక్కొక్క పేరూ అట్లా మోగింది. మామ వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. పది అయ్యాయి.

"అవినాశి, తొట్టిపాళెం," అంది పంతులమ్మ.

పరమేశ్వరి ఆయన మోచెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. తెల్లచొక్కా వీపున తడిసిపోయింది. మైకు ముందు నిలబెట్టి ఒక అడుగు వెనక్కి వచ్చింది. ఆయన అందరినీ చూశాడు. సైకిళ్ళను చూశాడు. రాయిని చూశాడు.

"పేరు సొల్లుంగ అయ్యా," అంది పంతులమ్మ తమిళంలో, పేరు చెప్పమని మర్యాదగా.

ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"ముని," అన్నాడు.

గంటలు మోగాయి.

గంటలు ఆగాక గానీ తను ఏమి చెప్పాడో ఆయనకు తెలియలేదు. నోరు తెరిచాడు. కాదు కాదు అన్నట్టు చెయ్యి ఊపాడు. గొంతులోనుంచి గాలి వచ్చింది, మాట రాలేదు. పరమేశ్వరి వెనకనుంచి పట్టుకోకపోతే పడిపోయేవాడే. ఎవరో కుర్చీ తెచ్చారు. బృంద సైకిలు పక్కవాళ్ళకిచ్చి పరుగెత్తుకుంటూ వచ్చి నీళ్ళు తాగించింది.

"మళ్ళా అదే చెప్పేస్తి అమ్మణీ." ఆయన కోడలి మణికట్టు పట్టుకున్నాడు. "ఎనభై ఏండ్లు పోయినా అదే చెప్పేస్తి."

జగన్నాథన్ వచ్చి కుర్చీ పక్కన మోకాలి మీద కూర్చున్నాడు. "పెద్దాయనా, పరవాలే. ఆ రికార్డు తీసేస్తాము. కొంచెం సేపు పోయినాక మళ్ళా చెప్పు."

మామ ప్రయత్నించాడు. పెదవులు పేరు ఆకారానికి వచ్చాయి. శబ్దం రాలేదు. ఆయన చొక్కా గుండీ పట్టుకుని తల అడ్డంగా తిప్పాడు. రాయి చుట్టూ నిలబడినవాళ్ళు కదలకుండా కాచుకుని ఉన్నారు. ఎండ పైన ఉంది.

బృంద పరమేశ్వరి చెవి దగ్గరికి వంగింది. హ్యాండిలుకు కట్టిన తెల్ల అట్టను విప్పి తెచ్చింది, చేతిలో పెన్ను ఉంది.

"అక్కా, మీరు దీంట్లో రాసిచ్చేయండి. నేను చదువుతాను. మీ సాంగ్యం తప్పినట్టు కాదు."

జగన్నాథన్ తల ఊపాడు. "అట్లైనా సరే."

పరమేశ్వరి పెన్ను తీసుకుంది. అట్టను తొడ మీద పెట్టుకుని మొదటి అక్షరం రాసింది. తమిళంలో గుండ్రంగా, బళ్ళో నేర్చినట్టు. గ్రీసు అంటిన బొటనవేలి గుర్తు అక్షరం పక్కన పడింది. రెండో అక్షరం దగ్గర చెయ్యి నిలబడిపోయింది.

ఆ రోజు ఆ గుమాస్తా చేతిలో కూడా కాగితం ఉంది, పెన్ను ఉంది. అవ్వ తలుపు వెనక ఉంది. ఒక్క అడుగు బయటికి వేసి ఒక్క మాట అని ఉంటే చాలు. వేయలేదు. వేయకపోవడానికి ఎంత బలం కావాలో పరమేశ్వరికి తెలుసు. ముప్పై మూడేళ్ళుగా ఆమె కూడా అదే బలంతో ఉంది. అయితే అవ్వ బలానికి మూడేళ్ళ బిడ్డ ఈరోజుదాకా బదులు చెప్పుకుంటూ ఈ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

రోడ్డు వైపు చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఆ రోడ్డు మీద ఎక్కడో లారీల పక్కన ఆ పేరు మనిషి ఒంగి ఇరుసు బిగిస్తున్నాడు. ఇది చచ్చినవాళ్ళ రాయి. ఇక్కడ నిలబడి ఆ పేరు పలకాలి.

పెన్ను బృందకు ఇచ్చేసింది.

"వద్దు పాపా. ఇంకొకరు చదివితే ఇంకొకరి మాటే అవుతుంది."

లేచి మైకు దగ్గరికి పోయింది. అది మామ ఎత్తుకు పెట్టి ఉంది. హ్యాండిలు కిందికి దించినట్టు రెండు చేతులతో మెడ పట్టి వంచుకుంది.

"మా అవ్వ తిరుమలమ్మాళ్ పెనిమిటి," అంది పరమేశ్వరి తెలుగులో. గొంతు మొదట సన్నగా వచ్చి, తర్వాత నిలబడింది. "మా మామ వాళ్ళ నాయన. తొట్టిపాళెంలో పుట్టినాడు. సైకిలు బాగా తొక్కేవాడు." ఆగింది. "పేరు కందసామి."

గంటలు మోగాయి. వరసలో ఉన్న బ్యాంకు సారు గంట కొట్టి, చెయ్యి తీయడం మరిచిపోయి ఇంకోసారి కొట్టాడు.

జగన్నాథన్ వేలెత్తాడు. "ఇంకొక తూరి చెప్పమ్మా. చివర్లో మైకు కూసింది. రాయి కొట్టేవానికి అక్షరం తెలియాల."

"కందసామి," అంది పరమేశ్వరి. రెండోసారి మొదటిసారంత కష్టం కాలేదు. వెనక కుర్చీలో మామ రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె మైకును వదలలేదు. అడగకుండానే మూడోసారి చెప్పింది, ఈసారి ఆయన వైపు తిరిగి.

ఆకుల్లో సాంబారన్నం వడ్డించారు. మామకు గొంతు వచ్చేసింది. పక్కన కూర్చున్న కంబం రైతుకు, తేని పాపకు, నీళ్ళు పోసే ఆమెకు కూడా చెప్పాడు. "నా కోడలు. మూడు తూర్లు చెప్పె. మీరు విన్నారు కదా? మూడు తూర్లు." ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. పరమేశ్వరి కూర్చోలేదు. ఆకు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. రోడ్డు మీద ప్రతి సైకిలునూ చూసింది. కూరగాయల మూటలు పోయాయి, బడిపిల్లలు పోయారు, ఒక ఐసుపెట్టె పోయింది. ఫోను రెండుసార్లు చేసింది. మోగింది కానీ ఎత్తలేదు. చేతిలో అన్నం ఆరిపోయింది. ఏమి పని చేస్తినో అనుకుంది. మళ్ళీ, చేసిందే మేలు అనుకుంది. రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

ముప్పావుగంట పోయాక మలుపులో రెండు సైకిళ్ళు కనిపించాయి. ముందు ఇరుసు విరిగిన సైకిలు కుర్రవాడు, వెనక ఆయన. మోచేతులదాకా నల్లగ్రీసు, చొక్కా జేబు చినిగి వేలాడుతోంది. దిగి ఒక కాలు నేల మీద పెట్టాడు. పరమేశ్వరి తలనుంచి కాళ్ళదాకా చూసింది. మోకాలి దగ్గర గీరుకున్న గుర్తు ఒకటి తప్ప ఏమీ లేదు.

"ఫోను ఎందుకు ఎత్తలే?"

"చేతులు చూడు. దీంతో ఎత్తాల్నా?" చెమట తుడుచుకుంటూ లోపలికి తొంగి చూశాడు. "అయిపోయెనా? నాయన సరిగ్గా చెప్పినాడా?"

మామ కర్ర ఊతంతో అప్పటికే వచ్చేశాడు. "నేను చెప్పలేకపోతిని రా. నీ పెండ్లాం చెప్పె."

"ఏమి చెప్పె?"

"పేరు చెప్పె. మైకులో. అందరి ముందర."

ఆయన సైకిలు పట్టుకునే నిలబడిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. భార్య వైపు చూశాడు, చూపు దించుకున్నాడు, మళ్ళీ చూశాడు.

"నా పేరా?"

"మీది కాదు. తాతది," అంది పరమేశ్వరి.

"రెండూ ఒకటే కదా."

"ఒకటి కాదు."

ఆయన చినిగిన జేబును వేలితో సర్దుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నేను లేనప్పుడా చెప్పేది? ఒక్క తూరి నాకూ చెప్పు."

"చెప్పిందంతా రికార్డు చేసుకున్నారు. పోయి వినండి," అని ఆమె ఆకు ఆయన చేతికి అందించబోయి, ఆ గ్రీసు చూసి వెనక్కి తీసుకుంది. "ముందర చేతులు కడగండి."

ఆయన కుళాయి దగ్గరికి పోయి కడుక్కున్నాడు. తిండికి రాలేదు. నేరుగా బృంద దగ్గరికి పోయి ఏదో అడిగాడు. బృంద నవ్వి, రికార్డు ఉన్న ఫోను తీసిచ్చింది. రాయికి అవతలి పక్క, ఎవరూ లేనిచోట, తడిచేత్తో ఫోను చెవికి ఆనించుకుని, తల వంచి నేలను చూస్తూ ఆయన విన్నాడు. అయిపోయింది. ఫోను తిరిగి ఇచ్చేస్తాడనుకుంటే, బృంద వైపు ఒక వేలు చూపించాడు, ఇంకొక తూరి పెట్టమని.